కార్డ్‌లెస్ గన్ కొనాలా, ఎయిర్ గన్ కొనాలా? మెకానిక్ షెడ్డుకు సమగ్ర మార్గదర్శి

పోయిన వేసవిలో ఆకివీడు వైపు నుంచి చేపల లోడు దించి వచ్చిన లారీ ఒకటి మా షెడ్డు ముందు ఆగింది. వెనక జోడు చక్రాల్లో లోపలి టైరు పంక్చర్. నెలల తరబడి ఐసు నీళ్లు కారి కారి, నట్లు ఎక్కే స్టడ్‌లన్నీ తుప్పుతో ఎర్రబడి ఉన్నాయి. ముప్పావు అంగుళం కార్డ్‌లెస్ గన్ (బ్యాటరీతో నట్లు విప్పి బిగించే ఇంపాక్ట్ గన్; ముప్పావు అంటే సాకెట్ తగిలించే ముందు ముక్క, అంటే డ్రైవ్, కొలత) పెడితే పది నట్లలో ఏడు ఊడాయి. ఎనిమిదో నట్టు దగ్గర గన్ టకటకా కొడుతూనే ఉంది, నట్టు మాత్రం కదల్లేదు. ఇంతలో బ్యాటరీ వేడెక్కి గన్ ఆగిపోయింది. లోపలి నుంచి కంప్రెషర్ గాలితో నడిచే అంగుళం ఎయిర్ గన్ లాక్కొచ్చాం. రెండు నట్లు ఊడాయి. ఆఖరి నట్టుకు వచ్చేసరికి ట్యాంకులో గాలి ప్రెషర్ నాలుగు కేజీలకు పడిపోయి గన్ నీరసించింది. కంప్రెషర్ మళ్లీ నిండేదాకా ఆగితే, రెండు దెబ్బల్లో ఆ నట్టు కూడా వచ్చేసింది.

ఏ గన్ కొనాలని ఎవరు అడిగినా నాకు ఆ పది నట్లే గుర్తొస్తాయి. రెండు గన్లూ మంచివే. రెండూ ఎక్కడో ఒక చోట ఆగిపోతాయి. మీ పని ఎక్కడ ఆగితే మీకు నష్టమో ముందే తెలుసుకుని కొనాలి. అందుకని గన్ ధర అడిగే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అవి ఒక్కొక్కటిగా చెబుతాను.

1. వారం రోజులు నట్లు లెక్కపెట్టండి

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టి, వారం పాటు ఏ బండి వచ్చింది, ఎన్ని నట్లు విప్పారు, ఏ సైజు, షెడ్డులోనా బయటా అని రాయండి. చిన్న కార్లకు చక్రానికి నాలుగే నట్లు ఉంటాయి. నాలుగు చక్రాలూ తీసి మళ్లీ బిగిస్తే 32 సార్లు గన్ పట్టుకున్నట్టు. పది స్టడ్‌ల లారీకి ఒక్క చక్రానికే 20 సార్లు. రోజుకు రెండు కార్లు వచ్చే చోటికీ, పొద్దున్నుంచి రాత్రి దాకా లారీ టైర్లు మార్చే చోటికీ ఒకే గన్ సరిపోదు.

ఆ పుస్తకంలో "బయట" అనే గడి అన్నిటికన్నా ముఖ్యం. హైవే మీద ఆగిపోయిన బండి దగ్గరికి, పొలంలో దిగబడిన ట్రాక్టర్ దగ్గరికి వారంలో ఎన్నిసార్లు వెళ్తున్నారో చూడండి. వారానికి రెండు మూడు సార్లు వెళ్లేవాళ్లకు కార్డ్‌లెస్ లేకుండా గడవదు. కంప్రెషర్‌ను ఆటోలో వేసుకుని తిరగలేం కదా.

2. అట్టపెట్టె మీది అంకెను సరిగ్గా చదవండి

గన్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసేది చాలాసార్లు విప్పే టార్క్ (తిప్పే బలం). బిగించే టార్క్ దానికంటే బాగా తక్కువ ఉంటుంది, అది లోపలి పేజీలో చిన్నగా ఉంటుంది. ఉదాహరణకు బాష్ 18 వోల్టుల జీడీఎస్ 18వీ-1000 తీసుకోండి. బిగించడానికి 1000 న్యూటన్ మీటర్లు అంటారు, పట్టేసిన నట్టు విప్పడానికి 1600 అంటారు. ఒక కంపెనీ గన్‌ను ఇంకో కంపెనీ గన్‌తో పోల్చేటప్పుడు బిగింపు అంకె పక్కన బిగింపు అంకే పెట్టి చూడండి.

కొలతలు కూడా కలిసిపోయి తికమక పెడతాయి. పాత మాన్యువల్స్‌లో కేజీ-మీటర్లు ఉంటాయి. దాన్ని పదితో హెచ్చిస్తే దాదాపు న్యూటన్ మీటర్లు వస్తాయి. అమెరికా గన్ల మీద ఫుట్-పౌండ్లు ఉంటాయి. దాన్ని 1.36తో హెచ్చించాలి.

ఇక మనకు ఎంత కావాలి? చిన్న కారు చక్రం నట్టు బిగింపు సుమారు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. తుప్పు పట్టిందనుకున్నా, ఎవరో ఎక్కి తొక్కి బిగించారనుకున్నా, 400–500 విప్పే శక్తి ఉన్న అర అంగుళం గన్‌కు అది పెద్ద పని కాదు. కార్ల పనికి 1600 న్యూటన్ మీటర్ల గన్ కొనడం దండగ. బరువు మోయాలి, పైగా ఏమరుపాటున స్టడ్ తెగుతుంది. పెద్ద లారీల సంగతి వేరు. 22 మిల్లీమీటర్ల స్టడ్‌లున్న చక్రాలకు బిగింపే 600 చుట్టుపక్కల ఉంటుంది. తుప్పు పడితే దానికి రెండింతలు కూడా అడుగుతుంది. అక్కడ ముప్పావు లేదా అంగుళం డ్రైవ్ తప్ప మాట్లాడుకోవాల్సింది లేదు.

3. మీ కంప్రెషర్ ఇచ్చే గాలిని కొలవండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. "ఎయిర్ గన్‌లో పవర్ లేదన్నా" అనే మాట వినగానే నేను గన్ చూడను, కంప్రెషర్ దగ్గరికి వెళ్తాను.

కంప్రెషర్ పలక మీద రాసే సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి) చాలావరకు పిస్టన్ ఊడ్చే గాలి లెక్క. బయటికి వచ్చే గాలి అందులో ఇంచుమించు మూడింట రెండు వంతులే. పాత పిస్టన్ రింగులు, వదులైన బెల్టు ఉంటే ఇంకా తగ్గుతుంది. మంచి స్థితిలో ఉన్న కంప్రెషర్ ఒక హార్స్ పవర్‌కు మూడు, మూడున్నర సీఎఫ్ఎం ఇస్తే బాగా ఇచ్చినట్టే.

మీ కంప్రెషర్ ఎంత ఇస్తోందో మీరే తేల్చుకోవచ్చు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. ట్యాంకు అవుట్‌లెట్ వాల్వు మూసేయండి. కంప్రెషర్ ఆన్ చేసి, గేజీ 4 బార్ దగ్గర ఉన్నప్పుడు టైం మొదలుపెట్టి 7 బార్ దగ్గర ఆపండి. (మన గేజీల మీద ఉండే కేజీ, బార్ దాదాపు ఒకటే.) ట్యాంకు 200 లీటర్లదైతే, మూడు బార్లు పెరిగిందంటే 600 లీటర్ల గాలి లోపలికి వెళ్లింది. దానికి రెండున్నర నిమిషాలు పట్టిందనుకోండి, నిమిషానికి 240 లీటర్లు. ఒక సీఎఫ్ఎం అంటే 28.3 లీటర్లు కాబట్టి, మీ దగ్గర ఉన్నది ఎనిమిదిన్నర సీఎఫ్ఎం.

ఇప్పుడు గన్ వైపు చూద్దాం. అర అంగుళం ఎయిర్ గన్ కాగితం మీద నాలుగైదు సీఎఫ్ఎం అని ఉంటుంది. అది ఆగి ఆగి వాడే సగటు లెక్క. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే ఇరవైకి పైనే లాగుతుంది, అంటే సెకనుకు దాదాపు పది లీటర్లు. 200 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 6 బార్‌కు దిగేలోపు ఇచ్చే గాలి 400 లీటర్లు. అంటే 40 సెకన్లు. నట్టుకు రెండు మూడు సెకన్లు పట్టే కారు పనికి ఇది హాయిగా సరిపోతుంది. చక్రం తీసి పక్కన పెట్టేలోపు కంప్రెషర్ మళ్లీ నింపుకుంటుంది.

అదే అంగుళం గన్ అయితే అర అంగుళం గన్‌కు రెండింతలకు మించి లాగుతుంది. పావు నిమిషంలో ఆ 400 లీటర్లూ అయిపోతాయి. పట్టేసిన లారీ నట్టు ఒక్కోటీ ఐదారు సెకన్లు తీసుకుంటే, మూడో నట్టు దగ్గరే గాలి పడిపోతుంది. చేపల లారీ దగ్గర మాకు జరిగింది ఇదే. కాబట్టి లారీ టైర్ల షాపు పెట్టేవాళ్లు గన్ కంటే ముందు 5 హార్స్ పవర్‌కు తగ్గని కంప్రెషర్, వీలైనంత పెద్ద ట్యాంకు గురించి ఆలోచించాలి. పంక్చర్ షాపుల్లో ఉండే ఒకటి, రెండు హార్స్ పవర్ కంప్రెషర్ టైరులో గాలి కొట్టడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అంగుళం గన్ దాని మీద నడవదు.

ఇంకో మాట. సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచి, పైపుల వాల్వు తెరిచే పెట్టి, గేజీ చూసి వెళ్లండి. పొద్దున వచ్చేసరికి సున్నాకు వచ్చిందంటే ఎక్కడో లీకు ఉంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం 7 బార్ దగ్గర దాదాపు ఆరు సీఎఫ్ఎం వదిలేస్తుంది. అంటే రెండు హార్స్ పవర్ కంప్రెషర్ ఒకటి పగలంతా ఆ రంధ్రం కోసమే తిరుగుతున్నట్టు. సబ్బు నురగ రాసి ప్రతి జాయింటూ వెతకండి.

4. పైపు లోపలి కొలత చూడండి, బయటి కొలత కాదు

కొత్తలో నేను తెచ్చిన మొదటి ఎయిర్ గన్ మీద మంచి అంకె ఉండేది. రెండు నెలలు దాంతో కుస్తీ పట్టాను. ప్రతి మూడో నట్టుకూ చేత్తో తిప్పే టామీ రాడ్డే దిక్కు. గన్ మోసం చేసిందని అనుకున్నాను. పక్క షెడ్డు పెద్దాయన ఒక రోజు వచ్చి, గన్‌ను పక్కన పెట్టి, పైపు చివర కత్తిరించి చూపించాడు. "రంధ్రం చూడు బాబూ, చిటికెన వేలు కూడా పట్టదు. గన్‌కు ఊపిరి ఎట్లా ఆడుతుంది?" అన్నాడు.

అది 8 మిల్లీమీటర్ల పీయూ (పాలీయూరిథేన్ ప్లాస్టిక్) పైపు. ఆ 8 బయటి కొలత. లోపల ఉండేది 5 మాత్రమే. 10 పైపుకు లోపల ఆరున్నర. 12 పైపుకు ఎనిమిది. అర అంగుళం గన్‌కు లోపలి రంధ్రం 10 మిల్లీమీటర్లు ఉండే రబ్బరు పైపు వేయండి. అంగుళం గన్‌కు 13కు తగ్గొద్దు, 19 అయితే మరీ మంచిది. పైపు మార్చగానే అదే గన్, అదే కంప్రెషర్, అవే నట్లు... నాకు కొత్త గన్ కొన్నట్టే అనిపించింది.

పైపు ఒక్కటే కాదు, కప్లింగులు, నిపిళ్లు కూడా గొంతు నొక్కుతాయి. అనుమానం ఉంటే ఇలా పరీక్షించండి. గన్ లోపలికి గాలి వెళ్లే చోట ఒక టీ జాయింట్ పెట్టి చిన్న గేజీ బిగించండి. ట్రిగ్గర్ వదిలి ఉన్నప్పుడు కాకుండా, నొక్కి పట్టుకున్నప్పుడు ఎంత చూపిస్తోందో చూడండి. 6.2 బార్ దగ్గర నిలబడాలి. మన దగ్గర దాన్నే 90 పౌండ్లు అంటారు. ట్యాంకు గేజీ 8 చూపిస్తూ, గన్ దగ్గర నాలుగుకు పడిపోతే దారిలోనే దొంగ ఉన్నాడు. చాలామంది ఈ పరీక్ష చేయకుండా ట్యాంకు ప్రెషర్ పెంచేస్తారు. దానివల్ల గన్ లోపలి సుత్తి, దాని దెబ్బ తిని సాకెట్‌ను తిప్పే యాన్విల్ తొందరగా అరిగిపోతాయి.

5. బ్యాటరీకి మన ఎండ ఎలా పడుతుందో ఆలోచించండి

కార్డ్‌లెస్ గన్‌లో మోటారు ఒక బరువైన సుత్తిని తిప్పుతుంది. నట్టు గట్టిగా ఉంటే ఆ సుత్తి స్ప్రింగును నొక్కుకుంటూ వెనక్కి జరిగి, జారి ముందుకు వచ్చి యాన్విల్‌ను కొడుతుంది. ఆ దెబ్బల కోసం బ్యాటరీ ఒక్కసారిగా చాలా కరెంటు ఇవ్వాలి. అందుకే చిన్న 2 ఆంపియర్-అవర్ (మనం ఆంపియర్ అనేస్తాం) బ్యాటరీ పెడితే అదే గన్ నీరసంగా కొడుతుంది, 5 ఆంపియర్‌ది పెడితే గట్టిగా కొడుతుంది. గన్ కొంటూ చిన్న బ్యాటరీతో సరిపెట్టుకుంటే, కొన్న శక్తిలో కొంత షాపులోనే వదిలేసి వచ్చినట్టు.

18 వోల్టులదీ 20 వోల్టులదీ వేరు అనుకోకండి. రెండింటిలోనూ 3.6 వోల్టుల సెల్లులు ఐదు వరసగా ఉంటాయి. నిండా చార్జ్ అయిన క్షణంలో చూపే వోల్టేజి చెప్పి ఒకరు 20 అంటారు, మామూలుగా ఉండేది చెప్పి ఇంకొకరు 18 అంటారు.

లిథియం బ్యాటరీకి వేడి పడదు. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీని చార్జ్ చేయడం మంచిది కాదు, మంచి చార్జర్లు దాన్ని తీసుకోకుండా ఆగి లైటు ఆర్పి వెలిగిస్తూ ఉంటాయి. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద గాలే ఆ వేడికి చేరుతుంది. లారీ నట్ల మీద కొట్టి తీసిన బ్యాటరీ ఇంకా వేడిగా ఉంటుంది. అందుకని మూడు బ్యాటరీలు పెట్టుకోండి. ఒకటి గన్‌లో, ఒకటి చల్లారుతూ, ఒకటి చార్జింగులో. చార్జర్‌ను రేకుల కింద గోడకు కాకుండా ఆఫీసు గదిలో ఫ్యాను దగ్గర పెట్టండి. బ్రేక్‌డౌన్ జీపు డాష్‌బోర్డు మీద ఎండలో బ్యాటరీ వదిలేయకండి. వాడని రోజుల్లో సగం చార్జింగుతో ఉంచితే ఎక్కువ కాలం వస్తుంది. డూప్లికేట్ బ్యాటరీ సగం ధరకే వస్తుందని తెస్తే, లోపల ఏ సెల్లులున్నాయో, రక్షణ సర్క్యూట్ ఉందో లేదో మనకు కనపడదు. అంత కరెంటు లాగే పనికి అది పెట్టొద్దు. నిప్పుతో చెలగాటం అది.

ఎయిర్ గన్‌కు ఈ బాధ లేదు. గాలి వ్యాకోచిస్తూ బయటికి పోతుంది కాబట్టి గన్ చల్లగానే ఉంటుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా కొట్టినా అలసిపోదు. అంగుళం గన్లు ఇంకా ఎక్కువగా గాలితోనే నడుస్తున్నాయంటే పెద్ద కారణం ఇదే.

6. డబ్బు లెక్క

ఎయిర్ గన్ చవక, కార్డ్‌లెస్ ఖరీదు అనేది సగం నిజం. షెడ్డులో కంప్రెషర్ ముందే ఉంటే ఎయిర్ గన్ చవకే. లేకపోతే కంప్రెషర్, మోటారు, త్రీఫేజ్ కనెక్షన్, పైపులు, ఫిల్టరు అన్నీ కలిపి చూడాలి. కార్డ్‌లెస్ వైపు బాడీ ధర, బ్యాటరీ ధర, చార్జర్ ధర విడివిడిగా రాయించుకోండి. బ్యాటరీలు కొన్ని వందల చార్జింగుల తర్వాత నీరసిస్తాయి, మళ్లీ కొనాలి. ఆ ధర ఇప్పుడే తెలిస్తే రేపు గుండె గుభేల్మనదు. అదే బ్యాటరీ గ్రైండర్‌కు, బ్లోయర్‌కు, లైటుకు పనికొస్తే ఆ ఖర్చు నాలుగు పనిముట్ల మీద పంచుకున్నట్టు అవుతుంది.

కరెంటు సంగతికి వస్తే, 5 హార్స్ పవర్ మోటారు గంట తిరిగితే మూడున్నర యూనిట్లు దాటుతుంది. 18 వోల్టుల 5 ఆంపియర్ బ్యాటరీ నిండడానికి యూనిట్‌లో పదో వంతు చాలు. అయితే టైర్లలో గాలి కొట్టడానికి, సర్వీసింగ్‌లో దుమ్ము ఊదడానికి కంప్రెషర్ ఎలాగూ తిరుగుతున్న చోట ఈ తేడా అంతగా కనపడదు.

7. చేత్తో పట్టుకుని చూడండి

కొనేముందు గన్‌ను పెట్టెలో చూసి ఊరుకోవద్దు. బ్యాటరీతో సహా అర అంగుళం పెద్ద గన్ మూడు కేజీలు దాటుతుంది. తేలికపాటి అర అంగుళం ఎయిర్ గన్ రెండు కేజీలే, కానీ పైపు బరువు తోడవుతుంది. లిఫ్టు మీద ఉన్న కారు కింద చేతులెత్తి పనిచేసేవాడికి ఆ కేజీ తేడా సాయంత్రానికి భుజంలో తెలుస్తుంది. చప్పుడుకు రెండూ రెండే. ఎయిర్ గన్ ఇంకొంచెం ఎక్కువ. రోజంతా 85 డెసిబెల్స్ దాటిన చోట పని చేస్తే చెవులు పాడవుతాయి, ఈ గన్లు దానికి బాగా పైన మోగుతాయి. కుర్రాళ్ల చేత ఇయర్ ప్లగ్‌లు పెట్టించండి, కళ్లద్దాలు కూడా. నలభై ఏళ్లకే బిగ్గరగా అరిస్తే గానీ వినపడని మెకానిక్‌లను నేను చూస్తున్నాను.

8. ఇక తేల్చుకోండి

కొత్తగా కార్ల షెడ్డు పెడుతున్నారా? అర అంగుళం కార్డ్‌లెస్ ఒకటి, రెండు మూడు మంచి బ్యాటరీలు. నా మాటగా చెబుతున్నాను, మొదటి పెట్టుబడి అక్కడే పెట్టండి. పైపు కాళ్లకు అడ్డం పడదు, కరెంటు పోయినా బండి ఆగదు.

కంప్రెషర్ ఉన్న పాత కార్ల షెడ్డు అయితే ముందు మూడో మెట్టు, నాలుగో మెట్టు పూర్తి చేయండి. కొన్ని వందల రూపాయల పైపు మార్చాక పాత ఎయిర్ గన్ సరిపోతుందేమో చూసి, అప్పుడు కార్డ్‌లెస్ మాట ఆలోచించండి.

లారీ, బస్సు టైర్ల షాపు అయితే అంగుళం ఎయిర్ గన్, దానికి తగ్గ కంప్రెషర్. అందులో రెండో ఆలోచన లేదు. రోడ్డు మీద పనికి మాత్రం ముప్పావు అంగుళం కార్డ్‌లెస్ ఒకటి జీపులో ఉండాలి. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు చేసే ఊరి మెకానిక్‌కు కూడా ఆ ముప్పావు కార్డ్‌లెస్సే మొదటి గన్.

9. సాకెట్ల మీద పీనాసితనం వద్దు

మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి స్పానర్ కోసం చేసినవి. గన్ దెబ్బలకు పగిలి ముక్కలు ఎగురుతాయి. నల్లగా, మందంగా ఉండే ఇంపాక్ట్ సాకెట్లే వాడండి. మధ్యలో పెట్టే ప్రతి ఎక్స్‌టెన్షన్, ప్రతి అడాప్టర్ దెబ్బలో కొంత తినేస్తుంది. ముప్పావు గన్‌కు అర అంగుళం అడాప్టర్ తగిలించి లారీ నట్టు మీద పెడితే తెగేది అడాప్టరే.

విప్పేముందు స్టడ్ చివర చూడండి. కొన్ని పాత లారీలకు ఎడమ వైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది, స్టడ్ తల మీద ఎల్ అక్షరం కొట్టి ఉంటుంది. అది చూడకుండా గన్ పెడితే విప్పుతున్నాననుకుంటూ ఇంకా బిగిస్తారు. బిగించేటప్పుడు నట్టును ముందు చేత్తో రెండు మూడు చుట్లు ఎక్కించండి. గన్‌తో నెమ్మదిగా ఆనించి, ఆఖరి బిగింపు, ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు నట్లు వరసగా ఇవ్వండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోమని డ్రైవర్‌కు చెప్పి పంపండి. గన్‌తోనే ఆఖరి దాకా కొడితే స్టడ్ సాగుతుంది. రేపు స్టెప్నీ మార్చుకోవాల్సి వచ్చినప్పుడు దారి మధ్యలో ఆ బండివాళ్లు చిన్న వీల్ స్పానర్‌తో అవస్థ పడతారు.

10. రోజూ రెండు నిమిషాలు

ఎయిర్ గన్‌ను చంపేది నీళ్లు. గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ ట్యాంకు అడుగున నీరై చేరుతుంది. మచిలీపట్నం, కాకినాడ లాంటి తీర ఊళ్లలో వానాకాలం అయితే ఆ నీళ్లు చూసి ఆశ్చర్యపోతారు. రోజూ సాయంత్రం ట్యాంకు కింది వాల్వు విప్పి నీళ్లు వదలండి. గాలి లైనులో ఫిల్టరు, రెగ్యులేటరు, ఆయిలర్ ఉన్న యూనిట్ పెట్టండి. అది లేకపోతే పొద్దున పని మొదలుపెట్టే ముందు గన్ నిపిల్‌లో నాలుగు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేసి ఒకసారి ఖాళీగా తిప్పండి. ఇంజన్ ఆయిల్ వేస్తే గాలికి తిరిగే లోపలి రెక్కలకు (వేన్లకు) జిగురు పట్టి మందగిస్తాయి. అదే పైపుతో పెయింటు కొట్టే పని ఉంటే ఆయిలర్ లైను వేరుగా ఉంచాలి.

కార్డ్‌లెస్‌కు నూనె అక్కర్లేదు. మోటారు గాలి తీసుకునే చీలికల్లో చేరిన దుమ్మును వారానికోసారి మెత్తని బ్రష్‌తో దులపండి. బ్యాటరీ పిన్నులు పొడి గుడ్డతో తుడవండి. కింద పడితే బ్యాటరీ పెంకు పగిలిందేమో చూసి, పగిలితే చార్జింగుకు పెట్టకండి.